మాత్రలతో పోని పాజిటివ్

మలేరియా స్లైడు చదవడంలో నన్ను మించినవాడు ఈ కొండల్లో లేడని ముప్పై ఏళ్లు నమ్మాను. నమ్మకం తప్పు కాదు, నిజంగానే లేడు. ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి ముందు ఈ గొప్ప చెప్పుకోక తప్పదు. నా తప్పు పుట్టింది అందులోంచే.

మాది సాలూరు దిగువన వ్యవసాయ కుటుంబం. ఉద్యోగం వచ్చి కొండెక్కినప్పుడు రెండేళ్లలో దిగిపోతాననుకున్నాను. అనంతగిరిలో కొన్నాళ్లు, డుంబ్రిగుడలో కొన్నాళ్లు చేసి, చివరికి లోయలోని ఆసుపత్రి ల్యాబులో రిటైరయ్యాను. జ్వరాల కాలంలో బల్ల మీద స్లైడ్లు గుట్టగా పడుండేవి. పాజిటివ్ వస్తే ఎర్ర ఇంకుతో రాయడం, ఆ మనిషి సంత దాటి వెళ్లిపోకముందే పట్టుకుని మాత్రలు మింగించడం, 'చికిత్స పూర్తి' అని గీత కొట్టడం. కొండ దిగిన మనిషి మళ్లీ ఎప్పుడు దిగుతాడో తెలియదు కదా. అందుకే మాలో ఎవరికైనా పాజిటివ్ అన్న మాట వినగానే చెయ్యి మాత్రల డబ్బా మీదికి పోయేది. ఆ అలవాటు ఎంతోమందిని బతికించింది. ఒక బిడ్డను మాత్రం చావు దాకా తీసుకెళ్లింది.

నా సర్వీసు చివరి సంవత్సరంలో మా ఆసుపత్రికి ఒక కాన్పుల డాక్టరమ్మ వచ్చింది. మా అమ్మాయి వయసు. నెమ్మదిగా మాట్లాడేది, ఎక్కువ రాసేది. కొండ ఊళ్ల గర్భిణులను నెలలు నిండే ముందే కిందికి తెచ్చి ఉంచడానికి ఆసుపత్రి పక్కన వసతి గృహం ఒకటి ఉంది. అక్కడ ఉండే ప్రతి మనిషి కార్డూ ఆమె తన చేత్తో రాసేది. ఇంత రాత దేనికని నేను నవ్వుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే పైఊరి నుంచి ఒక గర్భిణి పరీక్షలకు వచ్చేది. ఇరవై రెండేళ్లుంటాయి. మొగుడూ ఆమే కలిసి ఎకరం కాఫీ తోట చూసుకుంటారు. అంతకు ముందు ఒక బిడ్డ పుట్టి రెండో రోజు పోయాడు. పాలు తాగడం మానేసి, మూలుగుతూ, ఊపిరికి ఎగబడి పోయాడట. కారణం దగ్గర 'శ్వాస ఇబ్బంది' అని రాసి కాగితం మూసేశారు. ఆ బిడ్డ రక్తం పరీక్షకి పంపినవాళ్లు లేరు.

డాక్టరమ్మ ఆ పాత కాగితం రెండుసార్లు చదివింది. ఈసారి ముప్పై ఆరు వారాలు నిండగానే ఆ అమ్మాయి దగ్గర దూదిపుల్లతో నమూనా తీసి, నగరంలోని ల్యాబుకి పంపమని నాకిచ్చింది. గ్రూప్ బి స్ట్రెప్ అనే క్రిమి ఉందేమో చూడడానికి. ఇది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కూడా చాలామందిలో ఉంటుంది. తల్లికి ఏ బాధా పెట్టకపోవచ్చు. కాన్పులో బిడ్డకు అంటితే మాత్రం కొందరు పసివాళ్లు గంటల్లో జారిపోతారు. అలాంటి పరీక్ష మా ఆసుపత్రి నుంచి పంపడం అదే మొదటిసారి. ఆ మర్నాడే డాక్టరమ్మ చెల్లెలి పెళ్లికి పది రోజులు సెలవు పెట్టి వెళ్లింది. వెళ్తూ కార్డు మీద రాసింది: 'పాజిటివ్ అయితే వసతి గృహంలో ఉంచాలి. నొప్పులు మొదలవగానే, లేదా ఉమ్మనీరు పోగానే, నరం ద్వారా యాంటీబయాటిక్.'

మూడో రోజు నగరం నుంచి ఫోనొచ్చింది. పాజిటివ్. ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

మర్నాడు సంత. కార్డు పట్టుకుని ఆ అమ్మాయి, చుట్ట కాలుస్తూ ఆమె అత్త, నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఉందా బాబూ?" అంది అమ్మాయి.

"ఉంది. వసతి గృహంలో ఉండాలని రాశారు మేడమ్."

ఆమె ముఖం దిగాలు పడింది. "ఎన్నాళ్లు?"

"కాన్పు అయ్యే దాకా. రెండు మూడు వారాలు."

"పళ్లన్నీ ఎర్రబడిపోనాయి బాబూ. ఇప్పుడు కొయ్యకపోతే రాలిపోతాయి. ఆడొక్కడూ ఏటి సేత్తాడు?"

అత్త చుట్ట తీసి, "ఏదో మందిచ్చీ బాబూ. మలేరియాకి ఇచ్చినావు కాదేటి, నాకు తగ్గిపోనాది. నీ సేతి మందు మంచిది," అంది.

నీ చేతి మందు మంచిది. ఇలాంటి మాట ముందు నిలబడగలిగేవాడు వేరే ఉంటాడు, అది నేను కాదు. కార్డు మీద డాక్టరమ్మ రాసింది మరోసారి చదివాను. చదవలేదని తప్పించుకునే వీలు నాకు లేదు, స్పష్టంగా చదివాను. క్రిమి ఉందని ఇవాళ తెలిస్తే కాన్పు దాకా దాన్ని మేపడం దేనికి, ఇప్పుడే చంపేస్తే పోలేదా అనుకున్నాను. కొత్త డాక్టర్లకు పుస్తకం తెలుసు గానీ కొండ తెలియదు అని కూడా అనుకున్నాను. మందుల గది నుంచి ఏడు రోజుల అమాక్సిసిలిన్ మాత్రలు తెచ్చి, మూడు పూటలా మింగమన్నాను. కార్డు మీద డాక్టరమ్మ రాత కింద 'చికిత్స పూర్తి' అని రాశాను. ఏడు రోజుల మాత్రలు చేతికిచ్చిన నిమిషంలోనే పూర్తి అని రాశాను చూడండి.

"ఇవి మింగితే పోద్దేటి?" అందా అమ్మాయి.

"పోతుంది."

"మరి ఇక్కడ ఉండక్కర్నేదు?"

"అక్కర్లేదు. నొప్పులొస్తే బేగి దిగిపోండి, అంతే."

ఆ ఊరి ఆశా కార్యకర్త కార్డు చూసి, చికిత్స అయిపోయిందనుకుని ఆమె పేరు వసతి గృహం జాబితాలోంచి తీసేసింది. ఆమె తప్పేమీ లేదు. ఏళ్ల తరబడి ఎర్ర ఇంకు కింద నా రాత చూసి నమ్మడమే ఆమెకూ అలవాటు.

డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చిన రోజు ఉదయం తొమ్మిదింటికి, బ్యాగు కూడా దించకుండా ల్యాబుకొచ్చి ఆ రిపోర్టు సంగతి అడిగింది.

"పాజిటివ్ వచ్చింది మేడమ్. మీరు లేరని నేనే చూసుకున్నాను. ఏడు రోజులు మాత్రలు ఇచ్చేశాను," అన్నాను. శెభాష్ అంటుందేమోనని కూడా చూశాను.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. కేకలు వేసుంటే నాకు తేలికగా ఉండేది.

"సార్, ఇది మలేరియా కాదు. దీని ఇల్లు పేగుల్లో. మాత్రలతో ఇవాళ తగ్గినా కాన్పు నాటికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మనం తల్లికి వైద్యం చెయ్యడం లేదు. బిడ్డ వచ్చే దారికి కాపలా కాస్తున్నాం. కాన్పుకి కనీసం నాలుగు గంటల ముందు మందు తల్లి రక్తంలోకి వెళ్లాలి, అప్పుడు బిడ్డకి చేరుతుంది. ముందెప్పుడో మింగితే కాపలావాడు వారం క్రితం వచ్చి వెళ్లిపోయినట్టు."

నేను పెన్ను కింద పెట్టాను.

"ఆమె ఎక్కడుంది?"

"ఇంటి దగ్గర."

ఆశాకి ఫోన్ చేస్తే తగల్లేదు. ఆ ఊళ్లో సిగ్నల్ దొరికేది ఒక్క బండ మీదే. పది దాటాక ఆమే ఆ బండెక్కి ఫోన్ చేసింది. "సారూ, ఆ అమ్మికి తెల్లారి ఉమ్మనీరు పోనాది. నొప్పులు ఇప్పుడే మొదలైనాయి. డోలీ కడతన్నారు. మాత్రలు మింగీసింది కదా, కంగారు నేదులే."

కంగారు లేదులే అన్న ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

డాక్టరమ్మ లేచింది. లోపల మరో తల్లికి ఆపరేషన్ సిద్ధమవుతోంది, ఆమె కదలడానికి లేదు. స్టాఫ్ నర్సును పిలిచి, "డోలీ కిందికొచ్చే దాకా ఆగొద్దు. ఎదురెళ్లు. ఎక్కడ కలిస్తే అక్కడే ఆంపిసిలిన్ మొదలుపెట్టు. రియాక్షన్ వస్తే వాడే ఇంజెక్షను కూడా పెట్టెలో ఉండాలి," అంది. నేను పెట్టె పట్టుకుని జీపెక్కాను. రమ్మని ఎవరూ అడగలేదు, వద్దనీ అనలేదు.

ఆ నర్సు డుంబ్రిగుడ వైపు గిరిజన పిల్ల. కొండ ఆమెకు పెరడు. నన్ను బాబాయ్ అంటుంది. జీపు దారి అయిపోయిన చోట దిగి, కాలిబాట పట్టాం. కాఫీ చెట్ల మధ్య నుంచి నిటారుగా ఎక్కుడు. వందడుగులు వేశానో లేదో నాకు ఎగశ్వాస వచ్చింది.

"బాబాయ్, ఆ పెట్టె ఇటియ్యి."

"నేను తెస్తాను, నువ్వు నడు."

ఆమె నా కోసం ఆగుతూ నడిచింది. రెండో మలుపులో నేను మిరియాల తీగ పాకిన చెట్టుకి ఆనుకుని నిలబడిపోయాను. ఆమె వెనక్కి దిగొచ్చింది.

"ముప్పై ఏళ్లు స్టూలు మీద కూకున్నావు, ఇప్పుడు నిన్ను కొండెక్కించాలా నాను? మందు ముందెల్లాలి. నువ్వు ఎనక రా, రాకపోయినా పరవానేదు."

పెట్టె ఇచ్చేశాను. ఆమె మేకపిల్లలా ఎక్కిపోయింది. పెట్టె మొదటే ఇచ్చి ఉండాల్సింది. తప్పు దిద్దుకోవడానికి వెళ్తున్నవాడికి కూడా మందు తన చేతి మీదుగానే వెళ్లాలన్న పట్టుదల! ఆ ఎక్కుడులో నా మూలంగా పోయింది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల విలువ మధ్యాహ్నానికి గానీ తెలియలేదు.

నేను చేరేసరికి బాట పక్కన చదునైన చోట డోలీ దించి ఉంది. నలుగురు మోత మనుషులు అటు తిరిగి నిలబడ్డారు. ఆ అమ్మాయి దుప్పటి మీద కూర్చుని పళ్లు బిగబట్టి ఉంది. నర్సు చర్మం కింద కొద్దిగా మందు వేసి, పడుతుందో లేదో చూసి, నరానికి సూది కట్టి, మందు ఎక్కిస్తోంది. నేను చేయగలిగిందల్లా వాచీ చూసి టైము చెప్పడం. పదకొండూ ఇరవై.

అత్త నన్ను చూసి చుట్ట ఆర్పింది. "ఏటి బాబూ, నువ్వే ఒచ్చీసినావా? మాత్రలు మింగింది కదా, మళ్లీ ఈ సూదేటి?"

నేను చెప్పాల్సిన చోటు అదే. నోరు తెరిచి, మళ్లీ మూశాను.

"ఇది వేరే మందు పెద్దమ్మా, బిడ్డ వచ్చే దారికి," అని నర్సు నా తరఫున చెప్పింది. చెప్తూ నా వైపు చూసిన చూపు చాలా రోజులు మర్చిపోలేదు.

డోలీ లేపారు. దిగేటప్పుడు నొప్పి వచ్చినప్పుడల్లా మోత మనుషులు ఆగేవారు, ఆగినప్పుడల్లా నేను వాచీ చూసేవాణ్ణి. ఆ అమ్మాయి ఒకసారి, "బాబు వాచీ సూసినప్పుడల్లా నాకు నొప్పొస్తంది, దాన్ని జేబులో పెట్టమను," అంది. మోతగాళ్లు నవ్వారు. నేను వాచీ విప్పి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ చూడకుండా ఉండలేకపోయాను, అది వేరే సంగతి.

జీపులో నొప్పులు దగ్గరపడ్డాయి. ఏ కాన్పయినా బేగి అయిపోవాలని కోరుకుంటాం. ఆ రోజు నేను మాత్రం ప్రతి మలుపులో ఆగమ్మా, ఇంకాస్త ఆగమ్మా అని ఆ బిడ్డకి లోలోపల మొక్కుకున్నాను.

మూడూ అయిదుకి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. డాక్టరమ్మ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "పావుగంట తక్కువ నాలుగు గంటలు," అంది. నా ముఖం చూసి, "అసలు మందు పడకపోవడం కంటే ఎన్నో రెట్లు నయం సార్. రెండు రోజులు కళ్లల్లో పెట్టుకుని చూద్దాం. మూలిగినా, పాలు వద్దన్నా, ఒళ్లు వేడెక్కినా, చల్లబడినా వెంటనే పిలవాలి," అని చెప్పింది.

రక్త నమూనా నేనే తీశాను. మర్నాడు నాకు ల్యాబులో కాలు నిలవలేదు. గంటకోసారి వార్డు గుమ్మం దాకా వెళ్లి, ఆ పిల్ల పొట్ట లేచి దిగడం లెక్కపెట్టి వచ్చేవాణ్ణి. మొదటి బిడ్డ రెండో రోజు పోయాడు. ఇదీ రెండో రోజే. తల్లి ఆ సంగతి ఎత్తలేదు, కానీ బిడ్డ మీద నుంచి చూపు తిప్పలేదు.

ఆ మధ్యాహ్నం అత్త ఒక గుడ్డ మూట తెచ్చి నా చేతిలో పెట్టబోయింది. సామలు, ఆ ఏడు పండినవి.

"తీసుకో బాబూ. నీలాటోడు మా కొండెక్కి ఒచ్చినాడు. గుంటని కాపాడినావు."

బిడ్డకి ఇంకా గండం దాటలేదు. గండం తెచ్చినవాణ్ణి నేను. ఆ మూట ముట్టుకోలేకపోయాను. అప్పుడు చెప్పాను, ఇద్దరికీ. డాక్టరమ్మ ఇక్కడ ఉండమని రాసిందని, నేను అది చదివి కూడా నా సొంత తెలివితో మాత్రలిచ్చి పంపేశానని, ఆ మాత్రలు ఈ జబ్బుకి పనికిరావని, కొండ మీద మీరు అడిగినప్పుడు భయపడి ఊరుకున్నానని. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టిందేమో. వార్డులో పక్క మంచాల వాళ్లు కూడా విన్నారు.

అత్త లేచింది. మూట తీసుకెళ్లి నర్సు బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆ అమ్మాయి బిడ్డకి గుడ్డ సర్దుతూ, "నాకు నిన్ననే తెలుసు," అంది.

"ఎలా?"

"మాత్రలు మంచివే అయితే నువ్వు కొండెందుకెక్కుతావు బాబూ? ఇన్నేళ్లలో ఏ ల్యాబు బాబు ఎక్కినాడు మా కొండ? నిన్ను సూడగానే అనుకున్నాను, ఏదో తప్పు సేసీసినాడు ఈడు అని."

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"నాను ఒకటి అడుగుతాను, సేత్తావా?" అంది.

"చెప్పమ్మా."

"వసతి గృహంలో మా పక్కూరి గుంటలు ముగ్గురున్నారు. రోజూ ఇంటికెల్లిపోతామని గోల. నాను మాత్రలు మింగి ఎల్లిపోనానని ఆళ్లకి తెలుసు. ఆళ్లకీ సెప్పు. ఇప్పుడు సెప్పినట్టే సెప్పు, తప్పు నీదని. నాను సెప్తే ఇనరు."

మూడో రోజు ఉదయం డాక్టరమ్మ బిడ్డను బాగా పరీక్షించింది. పాలు తాగుతోంది, ఊపిరి బాగుంది, మేము చేసిన రక్తపరీక్షలో తేడా లేదు. "వెళ్లొచ్చు," అంది. ఆ రోజే జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చాను. ఆమె చదివి, ఒక వాక్యం దగ్గర పెన్ను పెట్టి, "'పొరపాటున' అని రాశారు. పొరపాటు కాదు కదా సార్," అంది. ఆ మాట కొట్టేసి 'సూచన చదివి, పాటించకుండా' అని రాశాను. పై అధికారులు ఏ శిక్ష వేసినా ఆ దిద్దుబాటంత పని చేసుండేది కాదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు ఒక్క మాట. అనుభవం మంచిదే, దాన్ని తక్కువ చెయ్యను. కానీ మీకు బాగా తెలిసిన జబ్బు, తెలియని జబ్బుకి తన చొక్కా తొడుగుతుంది. పాజిటివ్ అన్న ఎర్ర అక్షరాలు రెండింటికీ ఒకటే. మందు ఏది అన్నది ఎంత ముఖ్యమో, మందు ఎప్పుడు అన్నదీ అంతే ముఖ్యం.

ఇంటికి బయల్దేరే ముందు ఆ అమ్మాయి బిడ్డనెత్తుకుని నన్ను వసతి గృహానికి తీసుకెళ్లింది. వరండాలో ముగ్గురు గర్భిణులు కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నారు. నేను నిలబడి మొత్తం చెప్పాను. మధ్యలో ఒకచోట మందు కొండ మీదే మొదలైందని చెప్పి ముందుకు పోబోతే, ఆమె ఆపింది.

"పెట్టె ఇవ్వనన్నావంట కదా. అది సెప్పు."

నర్సు అంతా చెప్పేసిందన్నమాట. అదీ చెప్పాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వారు. తర్వాత ఇంటికెళ్లే గోల వాళ్లు ఎత్తలేదని నర్సు అంది.

వాళ్లలో చిన్నది, తొలి కాన్పు పిల్ల, చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అడిగింది, "బాబూ, మరి నాకూ ఆ పరీచ్చ సెయ్యాలేటి?"

ముప్పై ఏళ్లలో ఏ ప్రశ్న అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆ రోజూ నాలుక చివరి దాకా ఏదో వచ్చింది.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "ఉండు, మేడమ్‌ని అడిగి వచ్చి చెప్తాను."